మామ్మ గదికి మడత తలుపు

రామచంద్రపురం,
12 జూలై 2001, గురువారం.

అమ్మకి,

సుధ నమస్కారాలు. ఇక్కడ నేనూ, నాన్నగారూ, మామ్మా ముగ్గురం క్షేమం. ఉత్తరం మొదట్లో ఎలాగూ ఉండే మాటే కదా అని దాటెయ్యకు. ఈసారి ఆలోచించి, నిజమేనని చూసుకుని మరీ రాశాను. భిలాయిలో నువ్వూ, అక్కా, బావగారూ, మూడు వారాల ఆ పెద్దమనిషీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. వాడికి కామెర్లు తగ్గాయని తెలిశాక మామ్మ పటికబెల్లం నైవేద్యం పెట్టించింది. సగం నాన్నగారు తిన్నారు, సగం చీమలు తిన్నాయి.

నీ ఉత్తరం సోమవారం అందింది. అడిగినవాటికి వరసగా జవాబులు. ఆవకాయ జాడీలో తడి గరిటె ఎవరూ పెట్టలేదు, నూనె పైకి తేలి నిగనిగలాడుతోంది. నా బీయీడీ కౌన్సెలింగు ఆగస్టులోనట. డిగ్రీ అయ్యి ఏడాదైంది, ఇంట్లో కూర్చుని కిటికీ ఊచలు లెక్కపెట్టడం తప్ప ఏం చేస్తున్నానని నువ్వు అడగలేదు కానీ, అడిగినట్టే ఉంది. దానికి జవాబు మూడో ప్రశ్నలో ఉంది. "నాన్నగారు ఫోన్లో 'మీ చిన్నది తలుపు పీకేసింది' అన్నారు, ఏ తలుపు, వీధి తలుపా? నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు" అని రాశావు. వీధి తలుపు కాదమ్మా, నిద్రపో. నాలుగోది, మామ్మ ఫోను దగ్గరికి ఎందుకు రావడం లేదు, నాకు మనసు ఏదోలా ఉంది, అక్కని బావగారికి అప్పజెప్పి వచ్చే వారమే బయల్దేరనా అని. దానికి జవాబు చివర్లో రాస్తాను. ఫోన్లో చెప్పే సంగతి కాదు. ఫోను హాల్లో ఉంది. నాన్నగారు పక్కన నిలబడతారు, మామ్మ చెవులు మంచం మీంచి ఇటే ఉంటాయి.

ముందు తలుపు సంగతి.

ఫిబ్రవరిలో మామ్మకి తుంటి ఆపరేషనై, వాకరు పట్టుకుని నడవడం మొదలుపెట్టాక, వెనక వసారా పక్కనున్న కొట్టుగదిని స్నానాలగదిగా మార్పించాం కదా. కమోడు పెట్టించాం, కొత్తగా నేల చేయించాం, గడప కోయించాం. ఆ పాత టేకు తలుపు మాత్రం అలాగే ఉంచాం. అది లోపలికి తెరుచుకుంటుంది. మామ్మా, వాకరూ లోపలికి వెళ్ళాక అది తిరగడానికి జాగా లేదు. ఆ గదిలో మామ్మైనా ఉండాలి, తలుపైనా వేసుండాలి. నువ్వున్నన్నాళ్ళూ ఆ సంగతి మాకు తట్టలేదు. వీపు అటు తిప్పి, చీర కొంగు రెండు చేతుల్తో పరిచి, నువ్వే గుమ్మంలో నిలబడేదానివి.

నువ్వు రైలెక్కాక ఆ ఉద్యోగం నాకొచ్చింది. రెండో రోజే మామ్మ నన్ను పీకేసింది.

"నువ్వు నిలబడితే నాకు రాదే. పో అవతలికి."

"నేను పోతే గుమ్మం బార్లా ఉంటుంది మామ్మా."

"ఉంటే ఉండనీ. చూసేవాళ్ళకే సిగ్గు."

అలా అంది కానీ సిగ్గు ఆవిడకే. మన పెరటి దారి నీకు తెలుసు కదా. పాలవాడు అటే వస్తాడు, కాయలు దింపేవాళ్ళు అటే వస్తారు, పక్కింటి గేదె కూడా అటే వస్తుంది. అందరూ వచ్చి వెళ్ళేదాకా మామ్మ మంచం మీద బిగబట్టుకుని కూర్చునేది. పొద్దున్న నేను నింపి పెట్టిన మరచెంబు సాయంత్రం ఎత్తితే అదే బరువు. "దాహం లేదే" అనేది. జూన్ నెలలో, మన ఊళ్ళో, దాహం లేని మనిషి!

అప్పుడు నేనో తెర కట్టాను. అది పనికిరాలేదు. ఎందుకు పనికిరాలేదో తరవాత చెప్తాను.

ఇంతలో రాజమండ్రిలో నా స్నేహితురాలు దేవకుమారి వాళ్ళ ఫ్లాటుకి వెళ్ళాను. వాళ్ళ బాత్రూముకి ఓ తలుపుంది చూడూ, అరచేతి వెడల్పు ప్లాస్టిక్ పలకలు, ఒకదాన్నొకటి పట్టుకుని పై కమ్మీకి వేలాడుతుంటాయి. లాగితే విసనకర్రలా విచ్చుకుంటుంది, తోస్తే ముడుచుకుని గోడవారకి పోతుంది. లోపలికీ తిరగదు, బయటికీ తిరగదు, కింద గడప అక్కర్లేదు. నేను పదిసార్లు తీసి, పదిసార్లు మూశాను. వాళ్ళమ్మగారు వచ్చి, "లోపలికి వెళ్ళాలా వద్దా తేల్చుకోలేకపోతున్నావా అమ్మా?" అని అడిగారు.

ఆ సాయంత్రమే అలాంటిది ఒకటి కొనేశాను. ఏడడుగుల అట్టపెట్టె. దాన్ని పట్టుకుని మండపేట మీదుగా వచ్చే బస్సెక్కితే, కండక్టరు ఆ పెట్టెని కిందనుంచి పైదాకా చూసి, "ఏంటండీ ఇది?" అన్నాడు. తలుపన్నాను. "తలుపైతే తియ్యండి మరి, వెనక జనం ఎక్కాలి" అన్నాడు. బస్సంతా నవ్వు. ద్వారపూడి వచ్చేదాకా ఎక్కేవాడల్లా ఆ పెట్టెని తట్టి, "ఎవరండీ లోపలా?" అనడమే.

ఇంటికొచ్చాక నాన్నగారు పంచాంగం తీశారు. ఆషాఢం, శూన్యమాసం, ద్వారం కదపకూడదు, శ్రావణంలో చూద్దాం అన్నారు. లెక్కల మాస్టారు కదా, శ్రావణం ఎన్ని రోజుల్లో వస్తుందో వేళ్ళమీద వేసి చూపించారు. నేను నోరు తెరిచేలోపు మంచం మీంచి మామ్మ అందుకుంది:

"ఒరేయ్ జగ్గూ! దొడ్డికెళ్ళడానికి ముహూర్తాలేంట్రా?"

నాన్నగారు పంచాంగం మూసేశారు.

జూలై ఒకటి, ఆదివారం పొద్దున్న వడ్రంగి వీరబ్రహ్మంగారు వచ్చారు. ముసలాయన, చెవిలో పెన్సిలు, భుజాన సంచీ. అట్టపెట్టె విప్పగానే ఆ పలకల మీద వేలితో టకటకా కొట్టి చూశారు.

"దీన్ని తలుపంటారాండీ అమ్మాయిగారూ?"

"తలుపేనండి. ప్లాస్టిక్‌ది."

"దువ్వెన్లు చేస్తారండి ప్లాస్టిక్కుతో. సబ్బుపెట్టెలు చేస్తారు. తలుపులు చెయ్యరండి."

మన టేకు తలుపు వాళ్ళ నాన్నగారు చేసిందట. దాన్ని ఒక్కరే దింపారు. వసారాలో గోడకి ఆనించి, తువ్వాలుతో తుడిచి, బందులకి నూనె పెట్టి, ఓ నిమిషం అలా నిలబడ్డారు. (భయపడకు, అది అక్కడే భద్రంగా ఉంది.) తరవాత వచ్చి అరుగు మీద చతికిలబడ్డారు.

"దింపడం వరకూ నా పనండి. ఆ దువ్వెన్ని మాత్రం నా చేత్తో బిగించనండి. పైనుంచి మా నాన్న చూస్తాడు."

"అయితే నేనే బిగిస్తానండి. మీ సామాన్లు ఇవ్వండి."

"తీసుకోండి. నేను కూర్చుని చూస్తాను."

పెట్టెలో ఓ కాగితం ఉంది. దానిమీద ఆరు బొమ్మలు. ప్రతి బొమ్మలోనూ టై కట్టుకున్న ఓ మనిషి నవ్వుతూ, ఒక్క చేత్తో తలుపు పెట్టేస్తుంటాడు. వాడికి చెమట పట్టదు, వాడి ద్వారబంధం టేకుది కాదు. నేను స్టూలెక్కి, కమ్మీ పట్టుకుని, పైన చిల్లు వేసి స్క్రూ తిప్పితే సగం దిగి ఆగిపోయింది. ఇంకా గట్టిగా తిప్పితే తల విరిగి చేతికొచ్చింది. రెండోదీ అంతే. మూడోది మొదలెట్టబోతుంటే అరుగు మీంచి గొంతు వినిపించింది.

"సబ్బు రాయండమ్మాయిగారూ."

"దేనికండీ?"

"స్క్రూకండి. మీకు కాదు."

బట్టల సబ్బు మీద రుద్దితే వెన్నలో చెంచా దిగినట్టు దిగింది. ఆ టై మనిషి ఈ ముక్క రాయలేదు చూశావా!

తరవాత నా ఘనకార్యం. తలుపు ఏడడుగులు, మన గుమ్మం ఆరుంపావు. కింద కోసెయ్యాలి. నేను ఎడంపక్క కొలిచి, గీత గీసి, ఇనుప రంపంతో శుభ్రంగా కోసి, తీసుకెళ్ళి వేలాడదీశాను. ఎడంపక్క అద్దినట్టు సరిపోయింది. కుడిపక్క నేలకి కొట్టుకుని కిర్రుమంది. అంతేకాదు, మూసి చెయ్యి వదిలితే ఎవరో లోపలినుంచి తోసినట్టు మెల్లగా తెరుచుకుని, కుడిపక్కకి వెళ్ళి ముడుచుకుంది. మళ్ళీ మూశాను. మళ్ళీ వెళ్ళిపోయింది.

మామ్మ మంచం మీంచి, "దానికి నీ గుణమే వచ్చిందే, ఇంట్లో నిలవదు" అంది.

వీరబ్రహ్మంగారు నవ్వలేదు. "కుడిపక్క కొలిచారాండీ?" అన్నారు.

కొలవలేదు. చదివింది ఫిజిక్సు, గుమ్మానికి రెండు పక్కలుంటాయని మర్చిపోయాను.

"ఇది నల్లరేగడండి. కాలవ కట్టేసినప్పుడో మాటు, నీళ్ళొదిలినప్పుడో మాటు కదులుద్ది. గుమ్మం కాలవేపుకి వాలింది. మా నాన్న ఏటేటా వచ్చి ఆ టేకు తలుపుకి ఈ పక్క చిత్రిక పట్టేవోడండి. చూడండి కావాలంటే."

వసారాలోకి వెళ్ళి చూశాను. నిజమే. తలుపు పై అంచు ఓ పక్క దాదాపు ముప్పావంగుళం అరిగి ఉంది. పుట్టినప్పట్నుంచీ చూస్తున్న తలుపు అది. వంకరగా ఉందని ఒక్కనాడూ కనిపెట్టలేదు.

నేను తిరిగొచ్చేసరికి ఆయన సంచీలోంచి ఓ చెక్క తీసి, ఒక చివర మందంగా, రెండో చివర కాగితంలా, సన్నటి బద్ద ఒకటి చెక్కుతున్నారు. "కమ్మీకీ చెక్కకీ మధ్య ఎడంపక్క ఇది దూర్చండి. అప్పుడు సమానమవుద్ది" అన్నారు.

"ముట్టుకోనన్నారుగా?"

"తలుపు ముట్టుకోనన్నానండి. చెక్క ముట్టుకోననలేదు."

బద్ద దూర్చి, కింద ఇంకోసారి కోసి, మూసి వదిలాను. కదల్లేదు. అంచున ఉన్న అయస్కాంతం టక్కుమని పట్టుకుంది. డాక్టరుగారు వద్దన్నారని లోపల గడియ పెట్టలేదు. ఆ టక్కు చాలు. నాలుగు గంటల పని. నా అరచేతుల్లో మూడు బొబ్బలు. నాన్నగారు బడికి వచ్చిన ఇన్‌స్పెక్టరులా వెనక చేతులు కట్టుకుని చూసి, "సమతలంగానే ఉంది" అన్నారు. ఆయన నోట అది నూటికి నూరు మార్కులు.

అమ్మా, ఇక్కడ ఆగి నీకో సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఆ మర్నాడు సోమవారం జరిగింది నీకు అర్థం కాదు. నువ్వు పడక్కుర్చీలో కూర్చుని చదువుతున్నట్టయితే అలాగే కూర్చో. అంతా సర్దుకున్నాకే రాస్తున్నాను.

ఆ తలుపుకి ముందు తెర కట్టానన్నాను కదా. నీ పాత చీర, బీరువాలో అడుగున ఉండే ఆకుపచ్చ మంగళగిరి నూలుది. దాన్ని రెండు మడతలేసి, తాడుకి గుచ్చి, గుమ్మానికి కట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. బాబు పుట్టిన నాలుగో రోజది, ఆదివారం. మామ్మ లోపల స్నానం చేసి, మడిబట్ట కట్టుకుని, వాకరు పట్టుకుని బయటికొస్తోంది. తెర ఒక పక్కకి తీసి పట్టుకోవాల్సింది నేను. పట్టుకోలేదు. చీర ఆవిడ భుజానికి తగిలింది. మడిగా ఆరేసిన బట్ట కాదు, బీరువాలోంచి తీసిన మామూలు నూలు బట్ట.

"తగిలిందే" అంది.

నేను నవ్వానమ్మా. "గుడ్డేగా మామ్మా. దేవుడికి నేను చెప్తాలే, వచ్చెయ్" అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. నా మొహంలోకి చూసి, "దేవుడికి చెప్తావు సరే, నాకు తెలిసిపోయిందిగా" అని వాకరు వెనక్కి తిప్పుకుంది. నెత్తిన రెండోసారి నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు విన్నాను. ఆ వెంటనే ఇంకో చప్పుడు.

జారి, గోడవారకి కూలబడింది. నేనూ నాన్నగారూ లేపాం. కాకినాడ తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించాం. తుంటిలో వేసిన కడ్డీ చోటు కదల్లేదు, ఎముక చెక్కు చెదరలేదు, తొడ మీద అరచేయంత నల్లగా కమిలింది, అంతే. కానీ అక్కడే ఒళ్ళు కాలిపోతోందని కనిపెట్టారు. డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి, "పడినందుకు కాదమ్మా ఈ జ్వరం, నీళ్ళు తాగక మూత్రంలో ఇన్ఫెక్షను. ఈవిడ నీళ్ళు ఎందుకు తాగడం లేదు?" అని అడిగారు. మూడు రోజులు సెలైను ఎక్కించారు. నువ్వు ఫోన్ చేసినప్పుడు నాన్నగారు "అమ్మ పడుకుంది" అన్నది అబద్ధం కాదు. ఎక్కడ పడుకుందో చెప్పలేదంతే.

మామ్మ మా ఇద్దరి చేతా ఒట్టు వేయించుకుంది. "కోడలికి చెప్పారో, పురిటి మంచం మీదున్న పిల్లని వదిలేసి పరిగెత్తుకొస్తుంది. పచ్చి బాలెంతరాలి ఉసురు నాకొద్దు" అంది. నాన్నగారు ఆ ఒట్టుకి కట్టుబడ్డారు. నేను కట్టుబడింది దానికి కాదు. చెప్తే నువ్వు ముందడిగే మాట నాకు తెలుసు. "తెర దేంతో కట్టావే?" అంటావు. ఈ ఇంట్లో పుట్టి పెరిగి, పదేళ్ళ వయసులో మామ్మ మడిచీర దండెం కర్రతో దింపిచ్చిన దాన్ని, నూలు చీర కట్టాను. తెలియక కాదు. అవన్నీ లెక్కచెయ్యనక్కర్లేదనుకుని కట్టాను. మామ్మ మాత్రం ఆ మాట ఎవరితోనూ అనలేదు. డాక్టరుగారు ఎలా పడ్డారని అడిగితే, "వయసండి" అంది.

ఇప్పుడు ఆ సోమవారం సంగతి. కొత్త తలుపుతో మొదటి స్నానం. మామ్మ లోపలికి వెళ్ళింది. తలుపు తనే లాక్కుంది. టక్కుమంది. నేను బయట నిలబడ్డాను, నాన్నగారు బడికి వెళ్ళకుండా నా వెనక నిలబడ్డారు. నీళ్ళ చప్పుడు ఆగింది. బట్ట దులిపిన చప్పుడు. వాకరు రెండడుగులు వేసింది. ఆగిపోయింది.

"సుధా! ఈ తలుపు చేత్తో తొయ్యాలి కదే?"

"తొయ్యాలి మామ్మా."

"ఇది నూలా?"

అట్టపెట్టె మోసుకొచ్చినప్పుడు గానీ, కోసినప్పుడు గానీ ఈ ప్రశ్న నాకు తట్టలేదు. మళ్ళీ వెనక్కి తిరుగుతుందేమో, మళ్ళీ నీళ్ళు పోసుకుంటుందేమోనని తలుపు మీద చెయ్యేసి నిలబడ్డాను. ఈసారి నవ్వలేదు.

"నూలు కాదు మామ్మా."

"తోలా?"

"తోలూ కాదు."

"మరి దేంతో చేస్తారే?"

"భూమిలోంచి తీసే నూనెలోంచి వస్తుంది మామ్మా. కిరసనాయిలు వచ్చే నూనె."

"జగ్గూ, శాస్త్రంలో ఏముందిరా?"

"ప్లాస్టిక్కు గురించి ఏమీ లేదే అమ్మా" అన్నారు నాన్నగారు, చాలా వినయంగా.

"లేదు కదా? మరి భూమిలోంచే కదా ఇత్తడీ వచ్చేది" అని, తలుపు మీద చెంబుడు నీళ్ళు కొట్టింది. కింద సందులోంచి మా కాళ్ళ మీదికి పారాయి. "చూడు, చుక్క పీల్చలేదు. మడే" అంది. తలుపు ముడుచుకుని పక్కకి పోయింది. గుమ్మంలో మామ్మ, నుదుట విభూతి, కొత్త పెళ్ళికూతురంత ఠీవిగా! నాన్నగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నీళ్ళు పడ్డాయన్నారు. నీళ్ళు పడింది కాళ్ళమీద.

ఆ రోజునుంచి పది రోజులైంది. జ్వరం లేదు. నిన్న రక్తం, మూత్రం మళ్ళీ పరీక్ష చేయించాం, బాగున్నాయన్నారు. కాబట్టి నీ నాలుగో ప్రశ్నకి జవాబు: రాకు. బాబుకి మూడో నెల వచ్చేదాకా, అక్క నడుం గట్టిపడేదాకా అక్కడే ఉండు. నన్ను తిట్టాలనుకుంటే తిట్టు, ఉత్తరంలో కానీ, ఫోన్లో కానీ, నీ ఇష్టం. ఫోన్లో అయితే మామ్మ నన్ను వెనకేసుకొస్తుంది, అది మాత్రం నేను భరించలేను.

ఇవాళ పొద్దున్న సంగతి ఒకటి రాసి ఆపేస్తాను. మామ్మ ఏడింటికి లోపలికి వెళ్ళింది. ఏడున్నర అయింది, రాలేదు. నీళ్ళ చప్పుడు లేదు, వాకరు చప్పుడు లేదు. తలుపు మీద మెల్లగా కొట్టాను.

"మామ్మా, బాగానే ఉన్నావా?"

"ఉన్నానే."

"అయిపోయిందా?"

"ఎప్పుడో అయింది."

"మరి ఏం చేస్తున్నావు లోపల?"

"ఏమీ చెయ్యట్లేదే. పీట మీద కూర్చున్నాను. ఐదు నెలలైంది నేను ఒక్కదాన్నీ ఉండి. ఆస్పత్రిలో నర్సులు, ఇంట్లో మీరు. కాస్సేపు ఉండనివ్వు" అంది. కాసేపాగి, "నువ్వు పోవే. కాఫీ పెట్టుకో" అంది.

పోయి కాఫీ పెట్టుకున్నాను. వీధి అరుగు మీద కూర్చుని, ఒక్కదాన్నే, చల్లారనివ్వకుండా తాగాను.

ఇట్లు,
తిట్లకి సిద్ధంగా ఉన్న నీ చిన్న కూతురు,
శ్రీసుధ